బ్రేకక్క కుడికాలు

ఆ ఊళ్లో కారు నడపడం వచ్చినవాళ్లలో సగం మంది ఇవాళ కాళ్లూ చేతులూ సవ్యంగా ఉండి తిరుగుతున్నారంటే, అదంతా ఒక్క కాలి చలవ. బ్రేకక్క కుడికాలు అది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆమెకూ ఒకటుంది, లేదనను. కానీ దాన్ని ఓటర్ల జాబితా తప్ప ఇంకెవరూ వాడరు. డ్రైవింగు నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్లు బెదిరిపోయి ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కితే, నేర్పేవాళ్లు కారు ఆపడానికి. ఏళ్ల తరబడి ఆ బ్రేకు మీద కాపలా కాసిన కాలు అది. ఆమె కళ్లు చూసేలోపే కాలు చూసేదంటే నమ్మండి.

స్కూలు ఆమె మేనమామది. గోడ మీద 'నిదానమే ప్రధానం' అని ఎర్రరంగుతో రాయించాడు గానీ, నిదానమంటే ఏమిటో ఆయనకే తెలియదు. టీ కూడా నిలబడే తాగుతాడు. మేనకోడలూ అదే పోలిక. పక్క సీట్లో కూర్చుందంటే నోరూ ఆగదు, కాలూ ఆగదు. "స్టీరింగును అంత గట్టిగా పట్టుకోకండి సార్, అదెక్కడికీ పారిపోదు. పారిపోయినా మనల్ని తీసుకునే పోతుంది," అనేది. వచ్చినవాళ్లు భయం మరిచిపోయి నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లోనే సగం డ్రైవింగు వచ్చేసేది. ఆ పక్క సీటంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా కుడిపాదం కాస్త ముందుకు చాచుకునే ఉండేది.

అలాంటి మనిషి చల్లబడిపోయింది. మాటవరసకు కాదు, నిజంగానే. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, కారులో ఏసీకి వణికిపోతూ స్వెటరు మీద స్వెటరు తొడుక్కునేది. మొహం ఉబ్బింది. జుట్టు తల మీద కన్నా దువ్వెనలో ఎక్కువైంది. గొంతు బొంగురుపోయి, స్కూలు ఫోనెత్తితే అవతలివాళ్లు "సార్, మేడమ్ లేరా?" అని అడిగేవాళ్లు. పొద్దున్నే మంచం దిగడమే ఓ పెద్ద యుద్ధం. ఊరికే ఏడుపొచ్చేది. ఎందుకే అంటే చెప్పడానికి కారణం ఉండేది కాదు, దానికి మళ్లీ ఏడుపు.

ఆమె భర్త టైలరు. ఇంటి ముందు గదిలోనే మిషను. పెళ్లాం లావవుతోందని ఆ మహానుభావుడు ఒక్కరోజూ నోరు జారలేదు. రాత్రికి రాత్రి గుట్టుగా కుట్లు విప్పి, బట్టలు వదులు చేసి, మడతపెట్టి అల్మరాలో పెట్టేవాడు.

"ఏవండీ, నా బట్టలన్నీ ఈ మధ్య వదులు చేస్తున్నారా?"

"గాలాడాలి కదే," అనేవాడు దారం కొరుకుతూ.

ఇదంతా ఇంటి గుట్టు. రట్టయింది ఎక్కడంటే బజార్లో. పళ్ల డాక్టరు ఒకాయన డ్రైవింగు నేర్చుకోవడానికి వచ్చాడు. మలుపు తిరగమంటే తిరిగాడు, ఆగమంటే ఆగలేదు. ఫర్నిచర్ షాపతను కాలిబాట మీద కొత్త సోఫా వేసుకుని, దాని మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. కారు నేరుగా సోఫా మీదికి వెళ్తోంది. బ్రేకక్కకు అన్నీ కనిపిస్తున్నాయి. కాలు కదలాలనీ తెలుసు. కబురు మాత్రం కాలికి అందడం లేదు! చివరికి అందింది. బంపరు సోఫాను ముద్దుపెట్టుకున్నాక అందింది. షాపతను కాళ్లు రెండూ పైకెత్తుకుని, పేపరు దించి, "ఇది అమ్మకానికే గానీ ఇలా కాదమ్మా," అన్నాడు.

అందరూ నవ్వారు. బ్రేకక్క నవ్వలేదు. మధ్యలో ఆ సోఫా లేకపోతే? ఆ సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ వయసులో పెద్దావిడ, మాటల పొదుపరి. అంతా విని, కుర్చీ మీద మోకాళ్లపై నిలబడమంది. చిన్న రబ్బరు సుత్తితో మడమ పైన టక్కుమని కొట్టింది. పాదం కదిలింది. కదిలి, కాసేపు ఆలోచించుకుని, తీరిగ్గా వెనక్కి వచ్చింది.

"చూశావా అమ్మా? కాలి తప్పు కాదిది. మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒళ్లు ఎంత వేగంగా నడవాలో అదే చెబుతుంది. నీది కునుకు తీస్తోంది."

"అంటే నా యాక్సిలరేటరు పోయిందా డాక్టరమ్మా?"

"పోలేదు, బద్ధకించింది. రక్తపరీక్ష చేయిద్దాం. అదే అయితే రోజూ పరగడుపున ఒక బిళ్ల, మంచినీళ్లతో. ఆ తర్వాత గంట దాకా టీ, కాఫీ ఏదీ ముట్టుకోకు. ఎంత డోసు సరిపోతుందో ముందే చెప్పలేం. పరీక్షలు చేసుకుంటూ సరిచేసుకుందాం."

పరీక్షలో అదే తేలింది. చెప్పొద్దూ, బ్రేకక్క ఆ గదిలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. సంతోషంతోనే! ఇన్నాళ్లూ తాను సోమరిపోతునైపోయానని తనను తానే తిట్టుకుంటోంది మరి. మందు ఉన్న రోగమని తెలిస్తే సగం రోగం పోయినట్టే కదా.

మిగతా సగమే పోలేదు. దానికి కారణం మన బ్రేకక్క తెలివితేటలు. మొదటి పాఠం తెల్లవారుజామునే. ఇంట్లో బిళ్ల పెట్టుకుంటే ఆ హడావుడిలో మరిచిపోతానని ఆమె భయం. ఇల్లు మరిచినా కారును మరవదు. పైగా సీసా మీద ఏమని రాసుంది? చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను. తనచేత స్వెటరు మీద స్వెటరు తొడిగించిన ఆ ఏసీ కారు కంటే చల్లని చోటు ఈ భూప్రపంచంలో ఇంకెక్కడుంది? సీసాను డ్యాష్‌బోర్డు అరలో పెట్టేసింది. రోజూ తెల్లారి కారెక్కడం, బిళ్ల మింగడం, నీళ్లు తాగడం. ఒక్కరోజు తప్పితే ఒట్టు.

నెలలు గడిచాయి. పరీక్ష చేయిస్తే, తగ్గాల్సిన అంకె తగ్గలేదు. డాక్టరమ్మ డోసు పెంచింది. మళ్లీ పరీక్ష. అరంగుళం కూడా కదల్లేదు.

"రోజూ వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

"టీతో వేసుకుంటున్నావా? కాల్షియం బిళ్లలేమైనా దాంతో కలిపి మింగుతున్నావా?"

"లేదు డాక్టరమ్మా, మీ మీదొట్టు!"

"నా మీదెందుకులే అమ్మా," అని కంపెనీ మార్చింది. ఇంకాస్త పెద్ద డోసు రాసింది. బిళ్ల రంగు మారుతోంది, మనిషి మారడం లేదు. ఇక సలహాలంటారా, దారినపోయేవాళ్లంతా వైద్యులే. మేనమామ అయితే "పొద్దున్నే లేచి నాలుగు రౌండ్లు పరిగెత్తవే, అన్నీ అవే పోతాయి," అన్నాడు. పరిగెత్తే ఓపికే ఉంటే ఇంక రోగమెక్కడిది!

సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది టీచరమ్మ. బడి నుంచి రిటైరైన మనిషి. "జన్మంతా వెనక సీట్లో కూర్చునే తిరిగానమ్మాయ్. ఒక్కసారి నేనే నడుపుకుంటూ సముద్రం దాకా వెళ్లి, కాళ్లు తడుపుకుని రావాలి," అంది. బ్రేకక్కకు ఆ కోరిక తెగ నచ్చేసింది. కూచోబెట్టి నేర్పింది. లైసెన్సు పరీక్షకు తీసుకెళ్లింది. అక్కడి పద్ధతేమిటంటే, పరీక్ష పెట్టే అధికారి వెనక సీట్లో కూర్చుంటాడు. నేర్పినవాళ్లు పక్క సీట్లో ఉండొచ్చు, కానీ వాళ్ల బ్రేకు తొక్కితే అభ్యర్థి తప్పినట్టే. తొక్కాల్సి వచ్చి తొక్కకపోయినా తప్పినట్టే, ఎందుకంటే అప్పటికి దేన్నో గుద్దేసి ఉంటారు. టీచరమ్మ కారు వెనక్కి తీసేటప్పుడు కంగారుపడింది. బ్రేకక్క కాలు ఎప్పటిలాగే ఆలోచనలో పడింది. వెనక హద్దుగా పెట్టిన డ్రమ్ము దొర్లుకుంటూ పరీక్ష మైదానం దాటిపోయింది.

ఆ తర్వాత కారు క్లచ్చు పోయి షెడ్డుకెళ్లింది. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తానక్కా," అన్నాడు మెకానిక్కు. మెకానిక్కుల రెండ్రోజులు మీకూ తెలిసినవే కదా. నెల దాటినా కారు రాలేదు. పాఠాలకు మేనమామ తన పాత డొక్కు కారు ఇచ్చాడు. దాంట్లోనూ పక్క బ్రేకుంది గానీ ఏసీ లేదు. మందుల సీసా ఏమో షెడ్డులో ఉండిపోయింది. బ్రేకక్క కొత్త సీసా కొంది. ఏసీ లేని కారులో మందు పాడైపోదూ? అందుకని ఇంట్లోనే, టైలరుగారి మిషను పక్కన దారపు ఉండలు పెట్టుకునే చెక్కపెట్టెలో పెట్టుకుంది. డోసు మాత్రం అదే. అన్నిటికన్నా పెద్దది.

ఇక చూడండి తమాషా!

మూడో వారం తిరిగేసరికి బ్రేకక్క అలారం కన్నా ముందు లేచింది. అలారానికి తానే గుడ్ మార్నింగ్ చెప్పింది. స్వెటర్లు విసిరికొట్టింది. గొంతు విచ్చుకుంది, స్నానాల గదిలో పాటలు. మొహంలో వాపు దిగి పాత మొహం బయటికొచ్చింది. అద్దంలో చూసుకుని "ఎక్కడికెళ్లావే ఇన్నాళ్లూ!" అని పలకరించింది. టైలరుగారు విప్పిన కుట్లన్నీ మళ్లీ బిగిస్తూ, మిషను తొక్కుతూ ఈల వేశాడు. ఆ వారం రోజుల ఆనందం ఉంది చూశారూ, చెప్పనలవి కాదు. పోయిన మనిషి తిరిగొచ్చినట్టు ఇల్లంతా సందడే.

వచ్చిన మనిషి అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. అల్మరాలన్నీ సర్దింది, సర్దినవి మళ్లీ సర్దింది. టైలరుగారి గుండీలను రంగుల వారీగా వేరుచేసింది. ఆయన వాటిని సైజుల వారీగా పెట్టుకున్నాడు పాపం! మాట మొదలెడితే కామా కూడా లేదు. చేతులు సన్నగా వణుకుతున్నాయి, గుండె మెట్లెక్కినట్టు దడదడలాడుతోంది. "ఏవండీ, నాకు నయమైపోయిందండీ!" అంటుంది మూడు గదుల్లోనూ ఒకేసారి కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ.

ఇక కాలి సంగతి. గాలికెగిరే కాగితం కనిపించినా బ్రేకే. తీగ మీద కాకి కదిలినా బ్రేకే. హోర్డింగు మీద లారీ బొమ్మ చూసి కూడా బ్రేకేసింది. నేర్చుకునేవాళ్ల నుదుళ్లన్నీ బొప్పులు. పళ్ల డాక్టరు నాలుక కొరుక్కుని, తన కుర్చీలో తానే కూర్చోవాల్సి వచ్చింది. టీచరమ్మ రెండోసారి పరీక్షకు వెళ్తే, బండి సలక్షణంగా నడుస్తుండగా ఒక తూనీగ అద్దం ముందుకొచ్చింది. బ్రేకక్క కాలు దిగిపోయింది. అధికారి టోపీ ముందు సీట్లోకొచ్చి పడింది. ఫెయిల్.

మేనమామ తల పట్టుకున్నాడు. "ఏమే, మొన్నటిదాకా కారు ఆగేది కాదు, ఇప్పుడు కారు కదలడమే లేదు! నా వల్ల కాదు తల్లీ. టీచరమ్మకు ఇంకొక్క అవకాశం. ఈసారీ నీ కాలి వల్ల తప్పిందా, నువ్వు డెస్కు దగ్గర కూర్చుని ఫోన్లెత్తు. కారుకు వేరే మనిషిని చూసుకుంటా." అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. డెస్కు కుర్చీలోకి ఓ మెత్తటి దిండు కూడా కొనుక్కొచ్చి పెట్టాడు. ఆ దిండును చూస్తేనే బ్రేకక్క మొహం తిప్పుకునేది. ఆ సీటు లేకపోతే తానేమిటి? ఓటర్ల జాబితాలోని ఆ పేరు, అంతే.

టీచరమ్మ మాత్రం "ఈ అమ్మాయి పక్కన లేకపోతే నేను పరీక్షకే రాను," అని భీష్మించింది.

ఎట్టకేలకు ఏసీ కారు షెడ్డు నుంచి వచ్చింది. బ్రేకక్క సంబరంగా ఇంటి సీసాను కూడా తెచ్చి, డ్యాష్‌బోర్డు అరలో పాత సీసా పక్కన పెట్టింది. టీచరమ్మ ఓ చాక్లెట్ల పెట్టె తెచ్చి, "పాఠం అయ్యాక తిందాం," అని అదే అరలో తోసింది. ఇద్దరూ మూడో పరీక్షకు దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసులోకెళ్లారు. కారు బయట ఎండలో. క్యూ సంగతి చెప్పక్కర్లేదు. తిరిగొచ్చి కూర్చుంటే సీటు చుర్రుమంది. టీచరమ్మ అర తెరిచింది.

చాక్లెట్ల పెట్టె లేదు. చాక్లెట్ల చెరువుంది. అందులో రెండు సీసాలు మెడ దాకా మునిగున్నాయి.

బ్రేకక్క పగలబడి నవ్వింది. ఆ రోజుల్లో ఆమెకు నవ్వొస్తే ఆగేది కాదు. టీచరమ్మ నవ్వలేదు. కళ్లజోడు సర్దుకుని సీసాల వైపు వేలు చూపింది.

"ఇవేంటమ్మాయ్?"

"నా థైరాయిడ్ బిళ్లలు."

"ఎన్నాళ్ల నుంచి ఇందులో ఉంటున్నాయి?"

"మొదట్నుంచీ ఇక్కడేనండీ. చల్లని చోట పెట్టమన్నారుగా. ఏసీ కారు కదా మరి..." అంటూండగానే బ్రేకక్క నవ్వు సగంలో ఆగింది. చాక్లెట్ల చెరువు చూసింది. సీసాలు చూసింది. ఏసీ నడిచేది పాఠం నడిచినంతసేపే. మిగతా పగలంతా కారు స్కూలు ముందు ఎండలో. "అయ్యబాబోయ్!" అంది.

చాక్లెట్టు కారుతున్న సీసాలతోనే డాక్టరమ్మ ముందు వాలారు. మాటల పొదుపరి డాక్టరమ్మ, సంగతి విని, బల్ల మీద తల వాల్చి నవ్వింది. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది.

"అన్నీ అడిగాను గానీ, ఎక్కడ పెడుతున్నావని నేనూ అడగలేదు చూడు! ఆ వేడికి మందులో సత్తువ చచ్చిపోయిందమ్మా. అది పనిచెయ్యక నేను డోసు పెంచుకుంటూ పోయా. తర్వాత దారపు పెట్టెలో పెట్టావు. మందు ఉన్నదున్నట్టు ఒంట్లోకెళ్లింది. అంత పెద్ద డోసు ఏనుక్కైనా ఎక్కువే." మోకాలి కింద సుత్తితో తాకింది. కాలు ఎగిరి చెత్తబుట్టను గోడకు కొట్టింది. పరీక్ష రాయించి, కొన్నాళ్లు బిళ్ల ఆపమంది. తర్వాత చిన్న డోసు.

"అయితే సోమవారానికి నా కాలు సర్దుకుంటుందా?" అంది బ్రేకక్క. "సోమవారం టీచరమ్మ పరీక్ష."

"ఒంట్లో చేరింది దిగడానికి వారాలు పడుతుందమ్మా."

సోమవారం రానే వచ్చింది. మైదానం గట్టు మీద మేనమామ నిలబడే ఉన్నాడు, నిలబడే టీ తాగుతున్నాడు. టీచరమ్మ స్టీరింగు పట్టుకుంది. అధికారి ఈసారి టోపీ చేత్తో పట్టుకుని వెనక కూర్చున్నాడు. బ్రేకక్క పక్క సీట్లో కూర్చుని కుడికాలి వైపు చూసుకుంది. అది అప్పుడే టకటకలాడుతోంది. ఏమనుకుందో ఏమో, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇదేం కూర్చోవడమమ్మా?" అన్నాడు అధికారి.

"నా కాలి మీద నాకు నమ్మకం లేదు సార్. టీచరమ్మ కాలి మీద ఉంది. అంతగా అయితే హ్యాండ్‌బ్రేకు ఉంది, చెయ్యి దాని మీదే పెడతాను."

టీచరమ్మ తల తిప్పి ఆమె కాళ్ల వైపు ఒక్కసారి చూసింది. బండి తీసింది.

మలుపు తిరిగింది. డ్రమ్ముల మధ్య నుంచి వెనక్కి తీసింది, ఒక్కటీ దొర్లలేదు. చివరి తిన్నని దారిలో వెళ్తుండగా, మైదానం పక్కనున్న షెడ్డులోంచి ఒక టైరు దొర్లుకుంటూ వచ్చింది. ఎవరి షెడ్డనుకున్నారు? ఆ రెండ్రోజుల మెకానిక్కుదే! నేరుగా కారు ముందుకొస్తోంది. బ్రేకక్క కుడికాలు తొడ కింద గిలగిలా కొట్టుకుంది. హ్యాండ్‌బ్రేకు మీద వేళ్లు బిగుసుకున్నాయి. లాగితే టీచరమ్మ సముద్రం పోయినట్టే. లాగకపోతే? పళ్లు బిగబట్టింది. లాగలేదు.

కారు ఆగింది. కుదుపు లేకుండా, మర్యాదగా. టైరు వాళ్ల ముందు నుంచి తన దారిన తాను పోయింది.

"బ్రేకు ఎవరు వేశారు?" అన్నాడు అధికారి అలవాటుగా. వెంటనే సీటు మీదున్న ఆ బాసింపట్టునూ, కిందికే ఉన్న హ్యాండ్‌బ్రేకునూ చూశాడు.

"ఆమే వేసింది," అంది టీచరమ్మ. "కాకపోతే నా కాలితో."

అధికారి నవ్వాపుకుంటూ పాస్ అని రాసేశాడు. బ్రేకక్క కళ్లలో నీళ్లు, నోట్లో నవ్వు. కారు దిగబోతే కాళ్లు రెండూ తిమ్మిరెక్కి నేల మీద నిలవలేదు. పరిగెత్తుకొచ్చిన మేనమామ మీద పడింది. టీ ఆయన చొక్కా మీద పడింది. "చూసుకోవే!" అని అరిచాడు గానీ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

స్కూలు దాకా టీచరమ్మే నడిపింది. మేనమామ వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. డోసు కుదరడానికి ఇంకో రెండు పరీక్షలు పట్టాయి. బిళ్లలు ఇప్పుడు దారపు పెట్టెలోనే ఉంటున్నాయి, రోజూ పొద్దున్నే నీళ్లగ్లాసుతో పాటు టైలరుగారే అందిస్తాడు. అదంతా తర్వాతి మాట. ఆ రోజు మాత్రం కారు ఆగీ ఆగగానే మేనమామ లోపలికెళ్లి, డెస్కు కుర్చీలోని దిండు లాక్కొచ్చి పక్క సీట్లో పడేశాడు.

"రేపు పొద్దున్నే పళ్ల డాక్టరున్నాడు," అన్నాడు ఎటో చూస్తూ. "కాళ్లు కింద పెట్టుకుని కూర్చో."